మంట ఆరింది, నిప్పు ఆరలేదు

డిసెంబరు నుంచి సంక్రాంతి దాకా జంషెడ్‌పూర్‌లో పిక్నిక్‌ల కాలం. డిమ్నా సరస్సు ఒడ్డున, సువర్ణరేఖ తీరాన రాళ్ల పొయ్యిల మీద వంటలు, సాయంత్రం చలిమంటలు. చీకటి పడేసరికి అందరూ బండ్లెక్కుతారు. కాస్త జాగ్రత్తపరులైతే మంట మీద నాలుగు గుప్పెళ్ల ఇసుక చల్లి మరీ వెళతారు. చిక్కంతా ఆ ఇసుకతోనే.

కట్టెలోంచి వెలువడే వాయువులు మండినంతసేపే జ్వాల కనిపిస్తుంది. తర్వాత మిగిలిన బొగ్గు జ్వాల లేకుండానే గంటల తరబడి రగులుతుంది. దాని ఉపరితలం 500 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. ఎండుటాకు అంటుకోవడానికి సుమారు 300 డిగ్రీలు చాలు. బూడిదా, పొడి ఇసుకా లోపలి వేడిని బయటికి పోనివ్వవు, గాలిని మాత్రం పూర్తిగా ఆపలేవు. ‘నివురుగప్పిన నిప్పు’ అనే మాటలో ఈ భౌతికశాస్త్రమంతా ఉంది. ఇసుక కింద నిప్పుందని తెలియక కాలు పెట్టే పిల్లల సంగతి సరేసరి.

దీనికి నీళ్లే మందు. లీటరు నీరు ఆవిరవుతూ దాదాపు 2,260 కిలోజౌళ్ల వేడిని లాగేసుకుంటుంది. లెక్క ప్రకారం అర కిలో నిప్పులకు అర లీటరు కూడా అక్కర్లేదు. కానీ పోసిన నీళ్లు అన్ని నిప్పులకూ తగలవు, చాలావరకు పక్కకు జారిపోతాయి. అందుకే బకెట్టు నీళ్లు పోసి, కర్రతో కలియబెట్టి, మళ్లీ పోయాలి. చెయ్యి దగ్గరగా పెడితే వెచ్చదనం తగలకూడదు.

సరస్సుకు ఆనుకునే దల్మా కొండలు. సుమారు 193 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, ఏనుగుల నెలవు. చలి తగ్గి ఆకు రాలే రోజుల్లో అక్కడి నేలంతా ఎండుటాకుల పరుపు. సరస్సు ఒడ్డున నిప్పు వదిలేసే అలవాటు కొండ మీదికీ వెళితే అసలు ముప్పు అప్పుడే. అలాంటి మంట ఎక్కువగా నేలబారుగా పాకుతుంది. పెద్ద సాల వృక్షాలు తట్టుకుంటాయి, వాటి కింది మొలకలు మాడిపోతాయి. దూరం నుంచి అడవి పచ్చగానే ఉంటుంది కాబట్టి ఈ నష్టం ఎవరి కంటా పడదు.

అడవి అంటుకుంటే ముందు అనుమానించేది ఇప్పపూలు ఏరుకునేవారిని. పూలు కనబడాలని చెట్టు కింద ఆకులు తగలబెట్టే మాట నిజమే. అయితే వారిది బతుకుతెరువు, నగరవాసిది సరదా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ ఈ తేడా చూడదు. అభయారణ్యానికి ముప్పు కలిగేలా నిప్పు పెట్టడాన్నే కాదు, మండుతున్న నిప్పును వదిలి వెళ్లడాన్నీ అది నిషేధించింది.

పిక్నిక్‌కు బయల్దేరేవారు వంట గిన్నెల్ని మరిచిపోరు. వాటితో పాటు ఓ ఖాళీ బకెట్టు పెట్టుకుంటే చాలు, నీళ్లు సరస్సులో ఉండనే ఉన్నాయి.