శాతాల లెక్కలో చిక్కుకున్న దివ్యాంగుల పింఛను

తాపీ మేస్త్రి కుడిచేతి వేళ్లు పోతే ఆయన బతుకుదెరువు దాదాపు పోయినట్టే. అదే గాయం ఆఫీసులో పనిచేసే ఉద్యోగికి తగిలితే కొన్నాళ్ల సెలవు తర్వాత మళ్లీ తన కుర్చీలో కూర్చోవచ్చు. వైద్య బోర్డు ముందుకు వెళ్తే మాత్రం ఇద్దరికీ వచ్చే వైకల్య శాతం ఒకటే. మన పింఛన్ల విధానం శరీరంలో ఎంత లోపం ఉందో కొలుస్తుంది కానీ, ఆ మనిషి ఎంత సంపాదన కోల్పోయాడో అడగదు.

2009లో మొదలైన ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకమే తీసుకుందాం. దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికే అది వర్తిస్తుంది. 79 ఏళ్ల వయసు దాకా కేంద్రం ఇచ్చేది నెలకు రూ. 300, ఆ తర్వాత రూ. 500. ఆ మూడు వందలు 2012 నుంచి పెరగలేదు. పెంచాలని పార్లమెంటరీ స్థాయీ సంఘం పదేపదే సిఫార్సు చేసినా ఫలితం లేదు. 2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. ఈ పథకం కింద కేంద్రం సాయం అందుతున్నవారు పది లక్షలకు లోపే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. రిజర్వేషన్ల వంటి హక్కులకు 40 శాతం వైకల్యాన్ని గీతగా పెట్టింది. సామాజిక భద్రత పథకాల్లో ఇతరులకు ఇచ్చే దానికన్నా వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలనీ చెప్పింది. కానీ అదే సెక్షన్‌లో ‘ఆర్థిక స్తోమత మేరకు’ అన్న వెసులుబాటునూ ప్రభుత్వాలకు మిగిల్చింది. చట్టం గీత 40, కేంద్ర పింఛను గీత 80. మధ్యలో ఉన్నవారి గతి వారు పుట్టిన రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ 2024 జులై నుంచి దివ్యాంగులకు నెలకు రూ. 6,000 ఇస్తోంది. తెలంగాణ 2023లో రూ. 4,016కు పెంచింది. చాలా రాష్ట్రాల్లో ఇందులో సగం కూడా అందదు.

వైకల్యం కిందికి రాని జబ్బుల సంగతి ఇంకా అన్యాయం. క్యాన్సర్ చికిత్సలో ఏడాదిపాటు మంచాన పడిన కూలీకి ఆసుపత్రి ఖర్చు ఆరోగ్యశ్రీ భరించవచ్చు. కానీ ఆ ఏడాది ఇల్లు గడిచేదెలా? ఈఎస్ఐ చందాదారుకైతే అనారోగ్య కాలంలో ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. రూ. 21,000 లోపు జీతమున్న సంఘటిత కార్మికులకే ఆ భాగ్యం. క్షయ రోగులకు 2024 నవంబరు నుంచి నెలకు ఇస్తున్న రూ. 1,000 పోషకాహారానికే. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకు అందే రూ. 10,000 పింఛను మంచి మినహాయింపు. కానీ మినహాయింపు విధానం కాదు.

దరఖాస్తు మరో పరీక్ష. సదరం స్లాటు దొరకాలి, జిల్లా ఆసుపత్రికి వెళ్లాలి, వెంట ఒక మనిషి రావాలి. ఆ రోజు ఇద్దరి కూలీ పోతుంది. 2024లో సవరించిన నిబంధనలు ధ్రువపత్రం జారీకి గడువును నెల నుంచి మూడు నెలలకు పెంచాయి. అధికారులకు దొరికిన ఈ వెసులుబాటు దరఖాస్తుదారుకు మరో రెండు నెలల పస్తు.

తప్పుడు ధ్రువపత్రాలు ఉన్న మాట నిజమే, వాటిని ఏరివేయాల్సిందే. కానీ 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పునఃపరిశీలన తర్వాత నోటీసులు అందుకున్న వారి ఆందోళన ఒక సంగతి చెప్పింది. ఏళ్ల తరబడి పింఛను తీసుకున్న మనిషి శాతం కాగితం మీద తగ్గితే, ఇంట్లో పొయ్యి వెలగడం ఆగిపోతుంది. చివరికి అప్పీలు చేసుకున్నవారికి పింఛను కొనసాగిస్తామని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఆ మాట మొదటే చెప్పి ఉండాల్సింది.

చేయాల్సినవి అసాధ్యమైనవేం కావు. కేంద్రం తన గీతను 40 శాతానికి దించి, మొత్తాన్ని ధరల సూచీతో ముడిపెట్టాలి. వైద్యుడి శాతంతోపాటు వృత్తినీ, కోల్పోయిన ఆదాయాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. దీర్ఘకాలిక రోగులకు తాత్కాలిక పింఛను ఇవ్వాలి. అప్పీలు తేలేదాకా చెల్లింపు ఆపకూడదు. పని చేయలేని మనిషి అడుగుతున్నది దయ కాదు, పని చేసినన్నాళ్లూ ఈ దేశానికి తానిచ్చిన శ్రమకు భరోసా.