అలైన్‌మెంటా, ఆకుపచ్చ కాగితమా?

మనవాళ్ళకి వీల్ అలైన్‌మెంట్ అంటే గుళ్ళో అర్చన లాంటిది. అయిదు వేల కిలోమీటర్లకోసారి టిక్కెట్టు తీసుకుంటాం, ప్రసాదంలా ప్రింటవుట్ పుచ్చుకుంటాం, లోపలేం జరిగిందో అడగం. కొత్త కారుకి ఈ భక్తి సరిపోతుందేమో గానీ, పదేళ్ళు దాటిన కారుకి చాలదు మాస్టారూ.

నా శాంట్రో 2012 మోడల్. బ్రేకు తొక్కితే చాలు, ఎడమకి లాగేది. ఓ పెద్ద షాపుకి తీసుకెళ్తే తెర మీద ఎర్రంకెలన్నీ పావుగంటలో పచ్చబడ్డాయి. బయటికొచ్చి బ్రేకు తొక్కితే మళ్ళీ అదే లాగుడు! తర్వాత మా మెకానిక్ కిందకి దూరి ఓ రాడ్డుతో కదిపి చూపించాడు, ఎడమవైపు లోయర్ ఆర్మ్ బుష్ చిరిగిపోయి ఉంది. అలాంటప్పుడు కారు నిలబడితే చక్రానిది ఒక కోణం, బ్రేకు వేస్తే ఇంకో కోణం. షాపువాడు కొలిచింది మొదటిది మాత్రమే. బగ్ అలాగే ఉంచి టెస్ట్ కేస్ పాస్ చేయించడం అంటే ఇదే. ఆఫీసులో మనం ఈ పని చేస్తే రివ్యూలో ఉతికి ఆరేస్తారు.

అసలు దందా కాంబర్ దగ్గరుంది. చాలా చిన్న కార్లలో ముందు చక్రాలకి మార్చుకునే వీలున్నది టో ఒక్కటే, టై రాడ్ తిప్పితే మారుతుంది. కాంబర్‌కి కంపెనీ ఏ బోల్టూ ఇవ్వలేదు. మరి "కాంబర్ కూడా పోయింది సార్, ఎక్స్‌ట్రా అవుద్ది" అంటారే, అదెలా చేస్తారనుకున్నారు? చాలాచోట్ల హైడ్రాలిక్ టూల్ పెట్టి స్ట్రట్‌ని వంచుతారు! కాంబర్ పోయిందంటే ఎక్కడో ఏదో వంగిందనో, అరిగిందనో అర్థం. అదేంటో చూడకుండా బాగున్నదాన్ని వంచి లెక్క సరిచేయడమేంటండీ?

కోణం కొంచెమే కదా అనుకోకండి. టైరు అర డిగ్రీ పక్కకి చూస్తూ దొర్లితే కిలోమీటరుకి దాదాపు 9 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు (ఇంటర్ త్రికోణమితి గుర్తుందిగా). అయిదు వేల కిలోమీటర్లకి అది 40 కిలోమీటర్ల పైమాటే. టైరు ఊరికే అరుగుతుందా మరి.

షాపువాణ్ణి ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. వాడికి డబ్బులొచ్చేది అలైన్‌మెంట్‌కి, కిందకి దూరి చూసినందుకు రూపాయి రాదు. మనమేమో ఏసీ గదిలో కూర్చుని మెయిల్స్ చూసుకుంటాం. చెకింగ్‌కి విడిగా డబ్బులిస్తానని ముందే చెప్పండి, ఎందుకివ్వరు? "అంత ఖర్చెందుకు, అమ్మేయ్ బాసూ" అనే మిత్రులకి ఒక్క మాట: రెండువైపులా బుష్షులు మార్పించి, మళ్ళీ అలైన్‌మెంట్ చేయించినా నాకైంది కొత్త కారు ఒక నెల ఈఎంఐ కంటే తక్కువే.

ఈసారి వెళ్ళినప్పుడు ముందు గాలి సరిచూడమనండి. తర్వాత చక్రాన్ని పైకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపమనండి. ఆడితే బేరింగో, బాల్ జాయింటో పోయినట్టు. అటూ ఇటూ పక్కలు పట్టుకుని ఊపితేనే ఆడుతుంటే టై రాడ్ ఎండ్‌ని అనుమానించాలి. రాడ్డు పెట్టి బుష్షులు కూడా కదిపి చూడాలి. అయిదు నిమిషాల పని. "అవసరం లేదు సార్, మిషన్ చూపిస్తుంది కదా" అన్నాడా, తాళాలు తీసుకుని వచ్చేయండి.