ఉద్యోగమని పిలిచి ఎక్కడికి తీసుకెళ్తున్నారు?

నకిలీ ఉద్యోగం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది డబ్బు. రిజిస్ట్రేషన్ ఫీజు అని రెండు వేలు, ట్రైనింగ్ డిపాజిట్ అని పది వేలు కట్టించుకుని ఫోన్ స్విచాఫ్ చేసేవాళ్ల సంగతి ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు చెబుతారు. నాలుగు రోజులు తిట్టుకుని మర్చిపోతాం. కానీ అలాంటి ప్రకటననే, అలాంటి వాట్సాప్ మెసేజ్‌నే నమ్మి బయల్దేరిన కొందరు అమ్మాయిలు పోగొట్టుకున్నది డబ్బు కాదు.

2022 డిసెంబరులో సైబరాబాద్ పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తుందా? వెబ్‌సైట్లు, కాల్ సెంటర్లు, వాట్సాప్ గ్రూపులతో నడిచిన ఒక వ్యభిచార ముఠా చేతిలో 14,190 మంది చిక్కుకున్నారని అప్పట్లో పోలీసులు ప్రకటించారు. ఉద్యోగం, మంచి జీతం ఆశ చూపి వాళ్లను రప్పించారని చెప్పారు. ఆ ముఠా వాడిన సరంజామా చూడండి: ఆన్‌లైన్ ప్రకటనలు, కాల్ సెంటర్, చాట్ గ్రూపులు. చిన్న స్టార్టప్ నడపడానికి మనం వాడేవి కూడా ఇవే. మీరు రోజూ చూసే స్క్రీన్ మీదే ఈ వల కూడా పరుచుకుని ఉంటుంది. అందుకే కెరీర్ పేజీలో ఈ మాట.

అంకెలు ఏం చెబుతున్నాయి?

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం మనుషుల అక్రమ రవాణా కేసుల్లో 2021లో 347, 2022లో 391 కేసులతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. ఇది చూసి మన రాష్ట్రమే అందరికంటే చెడ్డదని తేల్చేయొద్దు. కేసు నమోదైతేనే లెక్కలోకి వస్తుంది. పోలీసులు పట్టించుకుని కేసులు పెట్టే చోట అంకె పెరుగుతుంది, పట్టించుకోని చోట సున్నా కనిపిస్తుంది. 2017లో అమెరికా విదేశాంగ శాఖ అక్రమ రవాణాపై పోరాడే వ్యక్తులకిచ్చే గుర్తింపు అప్పటి రాచకొండ కమిషనర్ మహేశ్ భగవత్‌కు దక్కింది. వ్యభిచారం నడిపిన ఇళ్లను, హోటళ్లను చట్ట ప్రకారం మూయించడం అందుకు ఒక కారణం.

అలాగని సంతోషపడటానికీ లేదు. ఆ మరుసటి ఏడాదే యాదగిరిగుట్టలో వ్యభిచార గృహాల నుంచి చిన్న చిన్న ఆడపిల్లలను పోలీసులు బయటికి తెచ్చారు. త్వరగా ఎదిగినట్టు కనిపించాలని వాళ్లకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చారన్న విషయం అప్పుడు రాష్ట్రాన్ని కుదిపేసింది. పక్క ఇళ్లవాళ్లు, కిరాణా కొట్టువాళ్లు ఆ పిల్లల్ని చూసే ఉంటారు కదా!

నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా

నాంపల్లి స్టేషన్‌లో దిగి అబిడ్స్ జీపీవో వైపు ఒకసారి నడవండి. టీజీపీఎస్సీ ఆఫీసు ఈ చుట్టుపక్కలే. క్రిమినల్ కోర్టులూ ఇక్కడే. ముందుకెళ్తే లాడ్జీలు, కన్సల్టెన్సీ బోర్డులు, జగదీశ్ మార్కెట్‌లో సెల్‌ఫోన్ షాపులు. చేతిలో సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని ఊళ్ల నుంచి వచ్చే మనలాంటి వాళ్లు ఎప్పుడూ కనిపిస్తారు. ఇక్కడి లాడ్జీలు, కన్సల్టెన్సీలు చెడ్డవని నేను అనడం లేదు. రోజుకు వేల మంది కొత్తవాళ్లు వచ్చిపోయే చోట ఎవరు ఎవరితో వచ్చారో ఎవరూ అడగరు. వల వేసేవాడికి కావలసింది అదే.

నగరంలో అనుమానం వస్తే ఎవరికి చెప్పాలన్నదీ ఈ దారిలోనే ఉంది. స్టేషన్‌లో రైల్వే రక్షణ దళం ఉంటుంది. రైళ్లలో, స్టేషన్లలో అక్రమ రవాణాను అడ్డుకోవడానికి ఆ దళం 2022 నుంచి ‘ఆపరేషన్ ఆహట్’ నడుపుతోంది. పబ్లిక్ గార్డెన్స్ ఎదురుగా హాకా భవన్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం ఉంది. లైంగిక హింసకు గురైన మహిళలకు, పిల్లలకు పోలీసు సాయం, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సలహా ఒకే చోట అందాలన్నది దాని ఉద్దేశం.

వల ఎలా బిగుస్తుంది?

సినిమాల్లో చూపించినట్టు వ్యానులో ఎత్తుకెళ్లడం తక్కువ. ఎక్కువసార్లు నవ్వుతూ తీసుకెళ్తారు. బ్యూటీ పార్లర్, ఈవెంట్లు, ఇంటిపని, డ్యాన్స్, మోడలింగ్, గల్ఫ్‌లో పని... పేరేదైనా మొదటి మెట్టు నమ్మకం. ఊరి అక్కో, ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన ప్రేమికుడో మధ్యలో ఉంటారు.

రెండో మెట్టు అప్పు. టికెట్, బట్టలు, గది అద్దె అన్నీ వాళ్లే పెడతారు. తర్వాత ‘నీ మీద ఇంత ఖర్చయింది, తీర్చి వెళ్లు’ అంటారు. ఆధార్, సర్టిఫికెట్లు, ఫోన్ వాళ్ల దగ్గరే ఉంటాయి. మూడో మెట్టు భయం. ఫొటోలో వీడియోలో తీసి ‘మీ నాన్నకు పంపిస్తాం’ అని బెదిరిస్తారు. పోలీసుల దగ్గరికి వెళ్తే నీ మీదే కేసు పెడతారని చెబుతారు.

‘తలుపు తీసే ఉందిగా, ఎందుకు పారిపోలేదు?’ అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. తాళం తలుపుకు లేదు. అప్పు, పరువు, భయం అనే మూడు తాళాలు ఆ అమ్మాయి మనసుకు వేశారు.

ఏం గమనించాలి?

ఒక్క గుర్తు చూసి నిర్ణయానికి రావొద్దు. రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

• ఏం అడిగినా పక్కనున్న మనిషే జవాబు చెప్పడం, అమ్మాయి అతని ముఖం చూసి మాట్లాడటం.
• తను ఏ ఊళ్లో ఉందో, ఎక్కడ పని చేస్తోందో చెప్పలేకపోవడం. చెప్పినా ఒకసారి చెప్పింది ఇంకోసారి చెప్పకపోవడం.
• ఫోన్, గుర్తింపు కార్డు, జీతం తన చేతిలో లేకపోవడం.
• వయసు చిన్నగా కనిపిస్తున్నా పెద్దదని పదేపదే చెప్పడం, వెంట ఉన్నవాళ్లతో బంధుత్వం పొసగకపోవడం.
• కాలేజీకి రావడం మానేసిన క్లాస్‌మేట్ దగ్గర ఉన్నట్టుండి ఖరీదైన ఫోన్, రెండో సిమ్, తనకంటే చాలా పెద్దవాడైన ‘బాయ్‌ఫ్రెండ్’ కనిపించడం. ఫోన్ మోగితే చాలు వణికిపోవడం.
• ఒంటి మీద దెబ్బలు, నిద్రలేమి, ఎవరైనా దగ్గరికొస్తే ఉలిక్కిపడటం.

అబ్బాయిలు కూడా బాధితులు అవుతారు. వాళ్ల విషయంలో మనకు అనుమానమే రాదు కాబట్టి వాళ్లు బయటపడటం ఇంకా కష్టం.

ఒక ఉద్యోగిని చూసిన చూపు

1991 ఆగస్టు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పది, పదకొండేళ్ల పాప ఏడుస్తోంది. పక్కన అరవై ఏళ్ల అరబ్బు. ఎయిర్ హోస్టెస్ అమృతా అహ్లూవాలియా ఆ పాపను పలకరించారు. పాతబస్తీ నుంచి పెళ్లి పేరుతో తనను తీసుకెళ్తున్నారని తెలుసుకున్నారు. విమానం దిగేసరికి విషయం పోలీసులకు చేరింది. దేశమంతా మాట్లాడుకున్న కేసు అది.

ఆమె పోలీసు కాదు, సామాజిక కార్యకర్త కాదు. డ్యూటీలో ఉన్న మామూలు ఉద్యోగి. రేపు మీరు హోటల్ రిసెప్షన్‌లో కూర్చోవచ్చు, బ్యాంకులో ఖాతాలు తెరవొచ్చు, ఆస్పత్రిలో పని చేయొచ్చు, క్యాబ్ యాప్‌కో డేటింగ్ యాప్‌కో కోడ్ రాయొచ్చు. గది ఇచ్చే ముందు అందరి గుర్తింపు కార్డులూ అడగడం, ఒకే ఫోన్ నంబరుతో పది మంది అమ్మాయిల ప్రొఫైళ్లు ఉంటే సిస్టమ్ పట్టుకునేలా రాయడం... ఇవన్నీ మీ జాబ్ డిస్క్రిప్షన్‌లో ఉండకపోవచ్చు. పని మాత్రం మీదే.

అనుమానం వస్తే

హీరోలా వెళ్లి అడ్డుపడొద్దు. మీరు వెళ్లిపోయాక దెబ్బలు తినేది ఆ అమ్మాయే. ముఠా స్థావరం మార్చేస్తే ఆమెను మళ్లీ వెతకడం కష్టం. చోటు, సమయం, వాహనం నంబరు, మనుషుల ఆనవాళ్లు గుర్తుపెట్టుకుని ఫోన్ చేయండి. అత్యవసరమైతే 112. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే 1098. మహిళల హెల్ప్‌లైన్ 181. రైల్లో, స్టేషన్‌లో అయితే 139.

ఒంటరిగా మాట్లాడే వీలు దొరికితే విచారణ మొదలుపెట్టకండి. ‘ఏమ్మా, బాగానే ఉన్నావా? ఎవరికైనా ఫోన్ చేయాలా?’ అంటే చాలు. ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టడం, గ్రూపుల్లో ఫార్వర్డ్ చేయడం సాయం కాదు. బాధితుల వివరాలు బయటపెట్టడం నేరం. మైనర్ల అసభ్య వీడియో అయితే దాన్ని పంపడమే కాదు, ఫోన్‌లో దాచుకోవడం కూడా కేసు అవుతుంది. అలాంటిది కంటపడితే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మీ పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. ఆ పోర్టల్ రావడం వెనకా హైదరాబాద్ ఉంది. ఇక్కడి ‘ప్రజ్వల’ సంస్థ వ్యవస్థాపకురాలు సునీతా కృష్ణన్, వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార వీడియోల మీద 2015లో సుప్రీంకోర్టుకు లేఖ రాశారు. కోర్టు దాన్ని కేసుగా తీసుకుంది.

చట్టం ఎవరి పక్షం?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్ అక్రమ రవాణా గురించి చెబుతుంది. బెదిరించి, మోసగించి, ఆశ చూపి మనిషిని దోపిడీ కోసం తరలిస్తే ఏడు నుంచి పదేళ్ల కఠిన జైలు. బాధితులు పిల్లలైతే పదేళ్ల నుంచి యావజ్జీవం దాకా. ‘తనే ఒప్పుకుని వచ్చింది’ అన్న మాట ఇక్కడ చెల్లదు. ఆశ చూపి తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలు కాదని చట్టం స్పష్టంగా చెప్పింది. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే చెప్పి తీరాలని పోక్సో చట్టం అంటుంది. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద కేసు ఉండదని కూడా అదే చట్టం హామీ ఇస్తుంది. మీ స్టేషన్ పరిధి కాదని పోలీసులు పంపేస్తే జీరో ఎఫ్ఐఆర్ అడగండి.

ఇంకో మాట. తన ఇష్టంతో ఈ వృత్తిలో ఉన్న మేజర్ మహిళను అరెస్టు చేసి వేధించకూడదని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. మన కోపం వల వేసినవాడి మీద ఉండాలి, వలలో ఉన్నవాళ్ల మీద కాదు. వాళ్లను అవమానించే సమాజం చేసేది ముఠా పనే. ‘బయటికెళ్తే నిన్ను చీదరించుకుంటారు’ అని ముఠా చెప్పిన మాటను మనం నిజం చేస్తాం.

బయటికొచ్చాక అసలు పరీక్ష

1996లో పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహందీని ఖాళీ చేయించారు. అక్కడి మహిళలు రోడ్డున పడ్డారు. ఆ సమయంలోనే వాళ్ల పిల్లల చదువు కోసం మొదలైన చిన్న ప్రయత్నం ప్రజ్వల. అక్కడ ఆశ్రయం పొందిన అమ్మాయిలకు వెల్డింగ్, వడ్రంగం లాంటి పనులు నేర్పించారు. ఎందుకు అవి? చేతిలో పని, నెలకు జీతం లేకపోతే పాత అప్పు, పాత మనిషి మళ్లీ తలుపు తడతారు కాబట్టి. ఉద్యోగం ఆశ చూపి తీసుకెళ్లినవాళ్లను మళ్లీ నిలబెట్టేది నిజమైన ఉద్యోగమే.

మీ స్నేహితురాలే ఎప్పుడైనా నోరు విప్పిందనుకోండి. ‘ఎందుకు వెళ్లావు?’ అని అడగకండి. ‘నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. తప్పు నీది కాదు. ఇప్పుడేం చేద్దామంటావు?’ అనండి. ఒకే విషయం పదిసార్లు చెప్పించకండి. భరోసా కేంద్రానికో, లాయర్ దగ్గరికో తోడు వెళ్లండి. అక్రమ రవాణా బాధితులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం హక్కు. అందుకు నంబరు 15100. పరిహారం కోసం కూడా అక్కడే అడగొచ్చు. పద్దెనిమిదేళ్ల లోపు ఉన్నప్పుడు తీసిన నగ్న చిత్రాలతో బెదిరిస్తుంటే ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫొటోను ఎవరికీ పంపకుండానే, దాని డిజిటల్ గుర్తును మాత్రమే పెద్ద సోషల్ మీడియా సంస్థలకు చేరవేసి అడ్డుకుంటుంది. తను మళ్లీ క్లాసుకొస్తే నోట్స్ ఇవ్వండి, పక్కన కూర్చోనివ్వండి. కోర్టు వాయిదా ఉన్న రోజు అటెండెన్స్ గురించి లెక్చరర్‌తో మాట్లాడి పెట్టండి. చిన్నవే, కానీ అవే నిలబెడతాయి.

మీకొచ్చిన ఆఫర్ సంగతి

• కంపెనీ పేరు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో ఉందో లేదో చూడండి. ఉన్నా సరే, ఆఫర్ పంపింది వాళ్లేనా అని కంపెనీ అసలు నంబరుకే ఫోన్ చేసి అడగండి.
• విదేశీ ఉద్యోగమైతే ఏజెంటుకు లైసెన్స్ ఉందేమో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోమంటే వెళ్లొద్దు.
• ఇంటర్వ్యూ లాడ్జి గదిలో అంటే వద్దనండి. ఆఫీసులోనే పెట్టమని అడగండి.
• పని ఏమిటో చెప్పకుండా ఫుల్ లెంగ్త్ ఫొటోలు అడిగితే అక్కడితో ఆపేయండి.
• ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఆధార్ ఎవరి దగ్గరా వదిలి రావొద్దు.
• వెళ్లే చోటు, కలిసే మనిషి నంబరు, తిరిగొచ్చే టైమ్ ఇంట్లోనో ఫ్రెండ్‌కో చెప్పి, లైవ్ లొకేషన్ పెట్టి వెళ్లండి.

ఈ జాబితా మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోకండి. మీరు ఇంజినీరింగ్ చదివారు, పదిమందిని అడిగే ధైర్యం ఉంది. ఇంటర్ ఆపేసి పని కోసం చూస్తున్న మీ ఊరి చెల్లెలికి ఆ అలవాటు లేకపోవచ్చు. ఈసారి ఊరెళ్లినప్పుడు తనకు ఏదైనా ఆఫర్ వచ్చిందేమో అడగండి. వచ్చి ఉంటే తన పక్కన కూర్చుని, ఆ నంబరుకు మీరే ఫోన్ చేయండి.