ఇంజను గుట్టు రైతుకూ తెలియాలి

ఎద్దు నెమరు వేయకపోతే రైతు వెంటనే పసిగడతాడు. పశువుల డాక్టరు వచ్చేలోగా పేడ చూసి, చెవులు పట్టి చూసి సగం జబ్బు తానే చెప్పేస్తాడు. అదే రైతు, లక్షలు అప్పు చేసి కొన్న ట్రాక్టరు నల్లగా పొగ విడుస్తుంటే పట్టించుకోడు. అది మడిలో ఆగిపోయాక మెకానిక్కు కోసం మనిషిని పంపుతాడు.

కరెంటు మోటార్లు వచ్చాక బావుల మీద ఆయిల్ ఇంజన్లు తగ్గిన మాట నిజమే. కాని ట్రాక్టరు, పవర్ టిల్లరు, వరికోత మిషను, మందుకొట్టే పవర్ స్ప్రేయరు వచ్చి చేరాయి. వీటిని నడిపేది ఇంజనే. దాని గుట్టు తెలియకపోతే నష్టపోయేది రైతే.

ఆ గుట్టు పెద్ద చదువేమీ కాదు. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో నడిపి చూపిన నాలుగు స్ట్రోకుల పద్ధతే నేటి ట్రాక్టరులోనూ వుంది. పిస్టను కిందికి దిగుతూ గాలి పీలుస్తుంది. పైకి లేస్తూ దాన్ని అదుముతుంది. అప్పుడు ఇంధనం మండి పిస్టనును కిందికి తోస్తుంది. బలమిచ్చేది ఈ ఒక్క స్ట్రోకే. మళ్ళీ పైకి లేస్తూ పొగను బయటికి నెడుతుంది. పెట్రోలు ఇంజనులో మంట రాజేసేది ప్లగ్గు. డీజిలు ఇంజనులో ఆ పని వేడిగాలి చేస్తుంది. సైకిలు పంపు గట్టిగా కొడితే అడుగున వేడెక్కడం అందరూ ఎరిగినదే. అలాగే గాలిని పదహారో వంతుకో, అంతకంటే తక్కువకో అదిమితే అది 500 డిగ్రీలు దాటి కాగుతుంది. నాజిల్ చిమ్మిన డీజిలు దానంతటదే అంటుకుంటుంది.

ఇంతమాత్రం తెలిసినా ఎంతో మేలు. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదనో, డీజిలు ఎక్కువ పడుతోందనో అర్థం. ముందు ఎయిర్ ఫిల్టరు చూడాలి. నీలిపొగ వస్తే ఇంజనాయిలు మండుతోందన్న మాట. రింగులు అరిగి వుండవచ్చు. డీజిలు పూర్తిగా అయిపోయి ఆగిన ఇంజను మళ్ళీ పోసినా అందుకోకపోతే పైపులో గాలి చేరిందేమో చూడాలి. చాలా బళ్ళలో ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, బుడగలు పోయేదాకా వదిలితే సరిపోతుంది. ఈ చిన్న పని తెలియక అదను పోగొట్టుకునేవారు వున్నారు. ఫిల్టరు తీసి పక్కన పడేసి నడిపేవారూ వున్నారు. లోపలికి పోయిన దుమ్ము సిలిండరును ఆకురాయిలా అరగదీసి ఇంజను బోరుకు వస్తుంది. రెండు స్ట్రోకుల స్ప్రేయరుకు పెట్రోలులోనే ఆయిలు కలపాలి. అది మరిచి వట్టి పెట్రోలు పోస్తే పిస్టను పట్టేస్తుంది.

డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. ప్రాణం పోతే రాదు. నీళ్ళు అడుగంటినప్పుడు ఇంజనును బావిలోకి దించి నడపడం చావును పిలవడమే. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ వుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పడినవారిని తీయడానికి దిగినవారూ పడిపోతారు.

మెకానిక్కు వుండగా రైతుకెందుకీ గొడవ అనేవారు లేకపోలేదు. నాజిల్, పంపు పనులకు మెకానిక్కు కావలసిందే. అయితే రోగం కొంత తెలిసినవాడు సకాలంలో పిలుస్తాడు, అక్కరలేని సామానుకు డబ్బు పోయడు.

అందుచేత ఐ.టి.ఐ.లు, కృషి విజ్ఞాన కేంద్రాలు వేసవిలో ఊరూరా ఒక రోజు పాత ఇంజను విప్పి చూపించాలి. బండి అమ్మే డీలరు తెలుగు పుస్తకం చేతికిచ్చి, ఫిల్టరు ఎలా తీయాలో, ఆయిలు ఎప్పుడు మార్చాలో రైతు చేతనే చేయించి మరీ బండి అప్పగించాలి. తొలకరి పడ్డాక ఇవి వినే తీరిక ఎవరికీ వుండదు. అధికారులు దుక్కులకు ముందే పూనుకోవాలి.