రోడ్డు పోయింది... కాలువ వచ్చింది!

2020 సెప్టెంబరు 12. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరం. ఊరి నడిబొడ్డున, దేశంలోని పెద్ద షాపింగ్ మాల్‌లలో ఒకటైన హోఖ్ కాతరైన పక్కన నీళ్లు మెరుస్తున్నాయి. ఆ నీటి మీదుగా పడవలు మాల్ కిందకి దూరి అవతలివైపు తేలుతున్నాయి. పాత ఊరిని పూర్తిగా చుట్టి, బయల్దేరిన చోటికే మళ్లీ పడవలో రావచ్చు. చూడ్డానికి అదేమంత వింత కాదు. కాలువలకు నెదర్లాండ్స్‌లో కొదవా! కానీ ఉట్రెక్ట్ వాసులకు మాత్రం అది పండగ రోజే. ఎందుకంటే... పదేళ్ల కిందటి దాకా అక్కడ నీటిచుక్క లేదు. పడవలు తిరుగుతున్న ఆ చోటే కార్లు దూసుకెళ్లేవి!

కాలువను పూడ్చి రోడ్డు వేసిన ఊళ్లు ప్రపంచంలో లెక్కలేనన్ని. వేసిన రోడ్డును తవ్వి మళ్లీ కాలువను తెచ్చుకున్న ఊళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉట్రెక్ట్ ఆ పని చేసింది. చేసిన తప్పును దిద్దుకోవడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

అగడ్త పార్కయింది

ఓరుగల్లు కోట చుట్టూ అగడ్త ఉన్నట్టే, ఐరోపాలోని పాత నగరాల చుట్టూ కూడా ఉండేవి. ఉట్రెక్ట్‌కు 1122లో నగర హోదా దక్కింది. చక్రవర్తి అయిదో హెన్రీ ఆ పత్రం ఇచ్చాడు. ఆ కాలంలోనే ఊరి చుట్టూ గోడా, దాని వెలుపల అగడ్తా వెలిశాయి. శత్రువులు రాకుండా కాపు కాయడం దాని పని. అందులో పడమర వైపున్న భాగం పేరే కాతరైనసింగెల్. సింగెల్ అంటే ఊరిని చుట్టి ఉండే నీటి వలయం.

కాలం మారింది. ఫిరంగుల ముందు గోడలు నిలవవని తేలిపోయింది. 1830 తర్వాత ఉట్రెక్ట్ తన గోడల్ని కూల్చేసింది. నీటిని మాత్రం ఉంచుకుంది. జోఖర్ అనే తోటల రూపశిల్పి ఆ ఒడ్డు వెంబడి చెట్లు, మెలికలు తిరిగే బాటలతో పార్కును తీర్చిదిద్దాడు. ఒకప్పుడు సైనికులు కావలి కాసిన చోట సాయంత్రాలు కుటుంబాలు షికారుకి రావడం మొదలైంది. అలా వందేళ్లకు పైగా హాయిగా గడిచింది.

నిపుణుడి గీత

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఐరోపాలో కార్లు పెరిగాయి. పాత ఊళ్లలో వీధులు ఇరుకు. ఏం చెయ్యాలి? 1958లో ఫాయిఖ్‌టింగర్ అనే జర్మన్ ట్రాఫిక్ నిపుణుడు ఉట్రెక్ట్‌కు ఓ సలహా ఇచ్చాడు. ఊరి చుట్టూ ఉన్న అగడ్తను పూడ్చి, దాని మీద వలయంలా రోడ్డు వేసేయండి అని! కాగితం మీద ఎంత సులువు! ఇళ్లు కూల్చక్కర్లేదు, స్థలం కొనక్కర్లేదు. వలయాకారంలో ఖాళీగా పడి ఉన్నది నీళ్లే కదా!

ఊళ్లో గగ్గోలు పుట్టింది. ఎనిమిది వందల ఏళ్ల నీటిని, వందేళ్ల పార్కును కార్లకు బలిస్తారా అని జనం నిలదీశారు. ఆ గొడవతో అగడ్తలో ఎక్కువ భాగం బతికిపోయింది. కానీ పడమటి వైపు ముక్కకు ఆ అదృష్టం లేదు. 1970ల మొదట్లో కాతరైనసింగెల్‌లో నీళ్లు తోడేశారు. ఆ గుంతలోనే పదికి పైగా వరసలతో మోటార్‌వే వేశారు. చివరికి మిగిలిందేమిటి? వలయం పూర్తి కాలేదు. మధ్యలో మొదలై మధ్యలోనే ఆగిపోయే ఓ భారీ రోడ్డు. ఊరిని చుట్టాల్సింది పోయి, ఊరికీ రైల్వే స్టేషన్‌కీ మధ్య కందకంలా మిగిలింది!

మేడ మీద బజారు

దాంతోపాటే వచ్చింది హోఖ్ కాతరైన. స్టేషన్ దగ్గరి పాత పేటను కూల్చి, దుకాణాలు, ఆఫీసులు, పార్కింగ్‌తో ఒక కొత్త ఊరినే కట్టింది బ్రెడెరో అనే నిర్మాణ సంస్థ. 1973 సెప్టెంబరులో యువరాణి బియాట్రిక్స్ చేతుల మీదుగా ప్రారంభమైంది. 'హోఖ్' అంటే ఎత్తు. పేరుకు తగ్గట్టే దుకాణాలన్నీ మేడ మీద. కింద నేలంతా కార్లది. మనుషులు పైన, బళ్లు కింద... అప్పట్లో అదే ఆధునికత!

మొదట్లో జనం విరగబడి వచ్చారు. వానలో తడవకుండా, చలిలో వణక్కుండా ఒకే కప్పు కింద అన్నీ కొనుక్కోవచ్చు మరి. ఇబ్బంది మెల్లగా తెలిసొచ్చింది. స్టేషన్లో రైలు దిగినవాళ్లు ఊళ్లోకి వెళ్లాలంటే మాల్‌లోంచి నడిచి తీరాలి. మేడ మీద వెలుగులు సరే, కింద వీధిలో నడిచేవాళ్లకు కనిపించేది గోడలూ, పార్కింగ్ ద్వారాలే. మనుషులు తిరగని చోటికి చీకటి పనులు చేరతాయి. 1980, 90ల నాటికి ఆ మాల్ కింది సొరంగం మాదకద్రవ్యాలకు బానిసలైన వారి అడ్డాగా పేరు మోసింది. రాత్రిపూట ఆ వైపు వెళ్లాలంటేనే జనం జంకేవారు.

ఇందులో ఓ విచిత్రం ఉంది. మాల్ తెరిచిన 1973లోనే చమురు సంక్షోభం వచ్చింది. ఆ నవంబరు 4 నుంచి నెదర్లాండ్స్‌లో కొన్ని ఆదివారాలు కార్లు రోడ్డెక్కకూడదన్నారు. ఖాళీ రోడ్ల మీద పిల్లలు సైకిళ్లు తొక్కారు, స్కేటింగ్ చేశారు. అంతకు రెండేళ్ల ముందు, 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు. వాళ్లలో నాలుగు వందల మందికి పైగా పిల్లలే. కడుపుకోతకు గురైన తల్లిదండ్రులు, వాళ్లకు తోడుగా మిగతావాళ్లు వీధుల్లోకి వచ్చి 'పిల్లల్ని చంపడం ఆపండి' అంటూ ఉద్యమించారు. దేశం సైకిల్ దారి పట్టింది అప్పుడే. అంటే, కారు కోసం కాలువను ఎండగట్టిన ఆ రోజుల్లోనే దేశం కారు గురించి రెండో ఆలోచనలో పడిందన్నమాట!

ఓటేసి తెచ్చుకున్న నీళ్లు

తప్పు తెలిసినంత తేలిగ్గా దిద్దుబాటు జరగదు. 1990ల్లో స్టేషన్ ప్రాంతాన్ని మార్చాలని ఓ పెద్ద ప్రణాళిక వేశారు. ఎందరో యజమానులు, ఎన్నో లెక్కలు. కుదరలేదు. దాంతో నగరపాలక సంస్థ ఓ పని చేసింది. నిపుణుల్ని పక్కన కూర్చోబెట్టి జనాన్నే అడిగింది. 2002లో స్టేషన్ ప్రాంతం ఎలా ఉండాలో రెండు నమూనాలు ముందుపెట్టి ఓటింగ్ నిర్వహించింది. రోడ్ల స్థానంలో నీటికి చోటిచ్చే ప్రణాళిక గెలిచింది. 1958లో ఒక నిపుణుడి గీత మాటకు మొదలైన కథను 2002లో మామూలు జనం వేలి గుర్తు మలుపు తిప్పింది.

ఓటేసినంత మాత్రాన మర్నాడే నీళ్లు రాలేదు. 2010లో మోటార్‌వేను మూసేశారు. 2014లో ఆ పక్కనే టివోలి ఫ్రెడెన్‌బుర్ఖ్ సంగీత భవనం తెరుచుకుంది. 1979 నాటి పాత సంగీతశాలను కూల్చకుండా, దాని చుట్టూనే కొత్త భవనం కట్టారు. 2015లో ఆ భవనం ముందున్న ఉత్తర భాగంలోకి నీళ్లొచ్చాయి. 2016లో కొత్త స్టేషన్ పూర్తయింది. ఇప్పుడు స్టేషన్ వేరు, మాల్ వేరు. మధ్యలో ఆకాశం కనిపించే చౌక్. ఆ చౌక్ కింద సైకిళ్ల పార్కింగ్. 2019లో పూర్తయిన దాంట్లో ఎన్ని సైకిళ్లు పెట్టొచ్చో తెలుసా? 12,500! ప్రపంచంలో అదే పెద్దదని చెప్పుకున్నారు. మొదటి ఇరవై నాలుగు గంటలు ఉచితం. ఇక 2020లో దక్షిణ భాగంలోకీ నీళ్లొచ్చి, వలయం పూర్తయింది. ఓటు వేసిన రోజున బడిలో చేరిన పిల్లలు అప్పటికి పెళ్లీడుకొచ్చారు!

మాల్ ఏమైంది?

కార్లు పోతే బేరాలు పోతాయన్నది ఏ ఊళ్లోనైనా వ్యాపారులకుండే భయమే. మరి హోఖ్ కాతరైన మూతపడిందా? లేదు. దాన్ని కూల్చకుండా తిరగేశారు. ఒకప్పుడు వీధికి వీపు చూపిన మాల్ ఇప్పుడు నీటికి ముఖం చూపిస్తోంది. నేల మీదా దుకాణాలు, హోటళ్లు వచ్చాయి. కాలువ దాని కిందుగా పారుతుంటే కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు ఆగి పడవల్ని చూస్తారు. కార్లను ఊరి నుంచి పూర్తిగా తరిమేయలేదు. వాటికి భూగర్భంలో పార్కింగ్ కట్టారు. ఊరు దాటి పోయే బళ్లకు ఊరి వెలుపలి రహదారులున్నాయి. మధ్యలో దారి మాత్రం నడిచేవాళ్లది, సైకిల్‌వాళ్లది, పడవవాళ్లది.

పాత పార్కూ ఇప్పుడు తెగిపోకుండా సాగుతుంది. జోఖర్ వేసిన పచ్చటి బాటలకు కొత్త ఒడ్డున చెట్లూ మెట్లూ కలిశాయి. 2022లో ఐరోపా నగర బహిరంగ స్థలాల బహుమతి కాతరైనసింగెల్‌కే దక్కింది. ఊరికి నగర హోదా వచ్చి సరిగ్గా తొమ్మిది వందల ఏళ్లు నిండిన ఏడాది అది!

రెండు నగరాలు, రెండు దారులు

ఇలాంటి పని చేసిన మరో నగరం దక్షిణ కొరియా రాజధాని సియోల్. అక్కడ చంగ్యేచన్ అనే వాగును కాంక్రీటుతో కప్పేసి, దాని మీద ఫ్లైఓవర్ కట్టారు. 2003 జులైలో ఆ ఫ్లైఓవర్‌ను కూల్చడం మొదలుపెట్టి, 2005 చివరి నెలలకల్లా 5.8 కిలోమీటర్ల వాగును తెరిచేశారు. అప్పటి మేయర్ లీ మ్యుంగ్ బాక్ పట్టుబట్టి చేయించాడు. తర్వాత ఆయన దేశాధ్యక్షుడు కూడా అయ్యాడు. పని రెండేళ్ల పైచిలుకులో ముగిసింది. అయితే ఆ దారి పక్కన చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లు ఎదురు తిరిగారు. తోపుడుబళ్ల వాళ్లను వేరేచోటికి పంపించారు. ఆ వాగులో పారే నీళ్లూ చాలావరకు హాన్ నది నుంచి మోటార్లతో తోడి పంపేవే.

ఉట్రెక్ట్ దారి వేరు. అక్కడ పద్దెనిమిదేళ్లు పట్టింది. విసుగు పుట్టేంత ఆలస్యం. దుమ్మూ ధూళీ, అడ్డదారులూ భరించారు. కానీ అది ఓటు వేసి ఎంచుకున్న మార్పు. నీళ్లూ అద్దె నీళ్లు కావు. ఊరి చుట్టూ ఎప్పటినుంచో ఉన్న అగడ్తలోవే, తెగిన చోట మళ్లీ అతుక్కున్నాయి. ఏది మంచి దారి? తొందరగా అయ్యేదా, అందరూ కలిసి ఒప్పుకునేదా? ప్రతి ఊరూ ఎప్పుడో ఒకప్పుడు తనకు తాను వేసుకోవాల్సిన ప్రశ్నే.

అగడ్తను ఎండగట్టిన రోజున వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. ఊరు బాగుపడాలనే అనుకున్నారు. రేపు బళ్లు ఎన్ని పెరుగుతాయో లెక్కలు వేశారు. లెక్కలో రాని వాటినే మర్చిపోయారు... సాయంత్రపు నడకని, చెట్టు నీడని, గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే ముసలివాళ్లని, నీళ్లలోకి తొంగిచూసే పిల్లల్ని. అవి పోయాక గానీ వాటి విలువ తెలియలేదు. నీళ్లు తోడేయడానికి మూడు నాలుగేళ్లు చాలాయి. వాటిని తిరిగి తెచ్చుకోవడానికి దాదాపు రెండు తరాలు కావాల్సొచ్చింది!