పరిహారం అడగడం పాపమా?

చెల్పూర్‌లోని కాకతీయ థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. ఆ వెలుగు వెనుక బొగ్గు, బూడిద, వేడి మధ్య చెమటోడ్చే కార్మికులున్నారు. అలాంటి పనిలో ఎవరి చెయ్యైనా నలిగితే, ‘దేవుని చిత్తం, కేసులెందుకు?’ అంటూ విశ్వాసులమైన మనమే నోరు మూయిస్తుంటాం. అది భక్తి కాదు.

కొట్లాటలో గాయపరిచినవాడు సైతం వైద్యం చేయించాలని, పని పోయిన రోజులకు సొమ్ము చెల్లించాలని దేవుడు ఆజ్ఞాపించాడు (నిర్గమ 21:18,19). కొట్లాటకే ఆ న్యాయమైతే, మన ఇంటి దీపం కోసం గాయపడినవాడికి ఇంకెంత జరగాలి? ఈఎస్‌ఐ వర్తించని చోట యజమానే పరిహారమివ్వాలని 1923 చట్టం చెప్పింది. 2020 సామాజిక భద్రతా స్మృతీ అదే చెబుతోంది. కాంట్రాక్టు కార్మికుడి విషయంలో అసలు యాజమాన్యానికీ బాధ్యత ఉంది.

ఫిలిప్పీలో అధికారులు పౌలును కొట్టించి, చెరలో వేసి, గుట్టుగా పంపేయబోయారు. ఆయన కదల్లేదు; రోమా పౌరుడిగా తన హక్కు అడిగాడు (అపొ.కా. 16:37). గుట్టుగా చేతిలో పెట్టే కొద్దిపాటి సొమ్ముకు, తెల్లకాగితంపై సంతకానికి అదే జవాబు.

యూనియన్‌లో చేరడం అవిశ్వాసం కాదు, ఒకరి బరువు ఒకరు మోయడమే. గాయపడిన సోదరుని కోసం ప్రార్థిద్దాం. ఆమేన్ అన్నాక, యూనియన్ వారితో కలిసి లేబర్ ఆఫీసు మెట్లు కూడా ఎక్కుదాం.