ఇంటి సంగతులు: గెడ్డ దాటించే బండి ఏది?



ఈ పుటలో సాధారణంగా మీరు వ్రాసి అడిగిన సంగతులకు జవాబు చెప్పుకుంటూ ఉంటాం. ఈ నెల మాత్రం మా యింట్లోనే తేల్చుకోవలసి వచ్చిన ఒక సంగతిని మీ ముందు పెడుతున్నాం. పెద్ద బండి, అందులోనూ నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కొనాలని అనుకునే కుటుంబాలు మన పల్లెల్లో ఇప్పుడు తక్కువేమీ కాదు. మేము పడిన తర్జనభర్జన వారికి పనికివస్తుందని మా ఆశ.

మేముండేది నర్సీపట్నం నుండి లంబసింగి ఘాటు ఎక్కి చింతపల్లి వైపు పోయే దారిలో. మా ఊరి అవతల ఒక గెడ్డ ఉంది. గెడ్డ దాటి నాలుగు కిలోమీటర్ల మట్టి ఎత్తు ఎక్కితే మూడు చిన్న ఊళ్ళు. అక్కడ ఎవరికి ఒంట్లో బాగోకపోయినా రాత్రివేళ మా తలుపే తడతారు. "మాస్టారూ, బండి తియ్యండి" అంటారు. ఇన్నేళ్ళుగా మా పాత జీపుతోనే నెట్టుకొచ్చాం.

క్రిందటి వానాకాలం ఒక రాత్రి పై ఊరిలో ఒక అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. మేము జీపు తీసుకుని గెడ్డ దాటాం. నీళ్ళు అప్పటికి మోకాలి లోపే. కాని ఎత్తు సగం ఎక్కేసరికి వెనుక చక్రాలు బురదలో గిర్రున తిరిగి జీపు పక్కకు జారి నిలిచిపోయింది. పైవాళ్ళు ఆ అమ్మాయిని డోలీ కట్టి మోసుకొచ్చారు. వాళ్ళు క్రిందికి దిగేలోగా గెడ్డ పొంగింది. మూడు గంటలసేపు గట్టున కూర్చున్నాం. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ మూడు గంటలు మా యిద్దరికీ ఇప్పటికీ నిద్రలో గుర్తుకొస్తాయి.

అప్పుడే అనుకున్నాం, ఈసారి నాలుగు చక్రాల బండే కొనాలని. చేతిలో పదవీ విరమణ డబ్బు 20 లక్షలు ఉంది. అందులోనే మా చిన్నమ్మాయి నర్సింగు చదువు కూడా గడవాలి.

హైదరాబాదులో ఉన్న మా పెద్దబ్బాయికి ఫోను చేస్తే, "నాన్నా, కొంటే టొయోటా ఫార్చ్యూనరే కొనండి. ఒకసారే కదా కొనేది. మిగతాది లోను పెడదాం" అన్నాడు. మా బావగారు మాత్రం మహీంద్రా స్కార్పియో-ఎన్ చాలునన్నారు. ఊర్లో డ్రైవరు కుర్రాడు ఫోర్స్ గూర్ఖా పేరు చెప్పాడు. ముగ్గురూ మా మేలు కోరినవాళ్ళే. అందుకే ముగ్గురి మాటా విని, నెల రోజులపాటు మూడు బండ్లనూ చూశాం.

ఫార్చ్యూనర్ మన దేశంలో 2009 నుండి అమ్మకంలో ఉంది. ఇప్పుడు వచ్చే డీజిల్ బండికి 2.8 లీటర్ల ఇంజను, 204 గుర్రాల బలం. ఇంజను మెలి బలం ఆటోమేటిక్ గేరు బండిలో 500 న్యూటన్ మీటర్లు, చేతి గేరు బండిలో 420. డీజిల్ ట్యాంకు 80 లీటర్లు. మన్నికకు మంచి పేరున్న బండి. ఎన్నేళ్ళు వాడినా అమ్మితే మంచి ధర వస్తుందని అందరూ చెప్పేది నిజమే. అయితే నాలుగు చక్రాల రకానికి షోరూము ధరే 35 లక్షలు దాటుతుంది. ఇదే పేరుతో రెండు చక్రాల రకం కూడా ఉంది గనుక పేరు చూసి మోసపోకూడదు.

స్కార్పియో-ఎన్ 2022 జూన్‌లో వచ్చింది. 2.2 లీటర్ల డీజిల్ ఇంజను. నాలుగు చక్రాల రకానికి 175 గుర్రాల బలం, చేతి గేరు బండికి 370, ఆటోమేటిక్‌కు 400 న్యూటన్ మీటర్లు. ట్యాంకు 57 లీటర్లు. అదే ఏడాది డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి గుద్దుడు పరీక్షలో పెద్దల రక్షణకు అయిదు నక్షత్రాలు, పిల్లల రక్షణకు మూడు నక్షత్రాలు వచ్చాయి. మూడో వరుసలో మనుషులు కూర్చుంటే వెనుక సామాను పెట్టడానికి చోటు దాదాపు ఉండదు.

గూర్ఖా అయిదు తలుపుల బండి 2024లో వచ్చింది. 2.6 లీటర్ల ఇంజను, 140 గుర్రాల బలం, 320 న్యూటన్ మీటర్లు. గేరు చేత్తో వేసేదే. ఏడుగురు కూర్చోవచ్చు. ఇంజనుకు గాలి పైనుండి అందేలా ముక్కు గొట్టం కంపెనీవారే బిగించి ఇస్తారు. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ వేర్వేరుగా తాళం వేసే ఏర్పాటు ఉంది. ఇది కొండ పనికి పుట్టిన బండి. పైన చెప్పిన రెండింటిలోని మెత్తదనం ఇందులో వెతకకూడదు. గూర్ఖా, స్కార్పియో-ఎన్ ధరలు ఇంచుమించు ఫార్చ్యూనర్ ధరలో సగం.

మహీంద్రా థార్ గూర్చి కూడా ఆలోచించాం. మూడు తలుపుల థార్‌లో నలుగురికే చోటు, వెనక్కి ఎక్కాలంటే ముందు సీటు మడవాలి. 2024 ఆగస్టులో వచ్చిన అయిదు తలుపుల రాక్స్‌లో అయిదుగురికి చోటుంది. డ్రైవరు, రోగి, తోడు వచ్చే ఇద్దరు ముగ్గురు అని లెక్క వేస్తే మాకు ఏడు సీట్లదే కావాలనిపించింది.

ఇక్కడ నాలుగు చక్రాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇటువంటి బండ్లు మామూలు రోడ్డుమీద వెనుక చక్రాలతోనే నడుస్తాయి. బురద వచ్చినప్పుడు మీట త్రిప్పితే ముందు చక్రాలకూ బలం వెళ్తుంది. దీనికి తోడు "లో" గేరు ఒకటుంటుంది. అది వేస్తే వేగం బాగా తగ్గి, చక్రానికి అందే బలం పెరుగుతుంది. ఎత్తు ఎక్కడానికే కాదు, బ్రేకు మీద కాలు పెట్టకుండా నిదానంగా దిగడానికీ అదే ఆధారం. కాని ఎండిన తారు రోడ్డుమీద నాలుగు చక్రాల మీట వేసి నడపకూడదు. మలుపులో ముందు చక్రాలూ వెనుక చక్రాలూ ఒకే వేగంతో తిరగవు గనుక లోపలి పళ్ళచక్రాలు ఒకదానినొకటి లాక్కుని పాడవుతాయి. నాలుగు చక్రాల బండి అయినంత మాత్రాన బ్రేకు త్వరగా పడదు. లంబసింగి మలుపుల్లో మంచు కమ్మినప్పుడు అది కూడా మిగతా బండ్లలాగే జారుతుంది.

ఇరుసు తాళం ఎందుకంటే, ఒక చక్రం గాలిలో లేచినా బురదలో దిగినా బలమంతా ఆ తేలిక చక్రానికే పోయి అది ఊరికే తిరుగుతుంది. తాళం వేస్తే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. ఆ రాత్రి మా జీపుకు జరిగింది సరిగ్గా ఇదే.

ఇంతవరకు తెలుసుకున్నాక మా మనసు గూర్ఖా మీదికి పోయింది. 700 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడుస్తుందని దాని కాగితంలో ఉంది. అనగా ఇంచుమించు 28 అంగుళాలు, మనిషి తొడ దాకా. ఇక గెడ్డ మనకు అడ్డం కాదనుకుని సంతోషించాం.

ఆ మాట పై ఊరి పెద్దాయనకు చెప్పాం. ఆ రాత్రి డోలీ మోసినవారిలో ఆయనొకరు. ఆయన ఏమీ అనకుండా ఒక వెదురు కర్ర నరికి, 28 అంగుళాల దగ్గర గాటు పెట్టి, గెడ్డలో దిగి పాతాడు. "వాన పడ్డాక వచ్చి చూడండి మాస్టారూ" అన్నాడు. నాలుగు రోజుల తరువాత వాన పడింది. వెళ్ళి చూస్తే గాటు ఇంకా పైనే కనబడుతోంది, కాని కర్ర నిలువలేక వంగిపోయి ఉంది. మేము చూస్తుండగానే ఊడి కొట్టుకుపోయింది. "లోతు కాదండీ మనిషిని చంపేది, ఒరవడి" అన్నాడాయన.

ఆయన మాట అక్షరాలా నిజం. కాగితంలోని లోతు నిలిచిన నీటికి చెప్పినది. పారే నీరు ఒక అడుగు లోతున్నా చిన్న కారును నెట్టుకుపోగలదు. రెండడుగుల ఒరవడి పెద్ద బండ్లను సైతం లేపి కొట్టుకుపోగలదు. ముక్కు గొట్టం ఇంజనులోకి నీరు పోకుండా కాపాడుతుంది గాని బండిని నేలకు కట్టివేయదు. కనుక గెడ్డ పొంగినప్పుడు ఫార్చ్యూనరైనా గూర్ఖా అయినా గట్టున ఆగవలసిందే. మేము కొనబోయేది గెడ్డ దాటించే బండి కాదు, బురద ఎత్తు ఎక్కించే బండి మాత్రమే. ఈ ఒక్క మాట తేలిన తరువాత మిగతా లెక్క సులువయింది.

పెద్దబ్బాయితో కూర్చుని కాగితం మీద లెక్క వేశాం. ఫార్చ్యూనర్‌కు పన్ను, బీమా కలిపితే 40 లక్షలు దాటింది. మా చేతిలోని 20 పోగా మరో 20 లక్షలు అప్పు. ఏడేళ్ళకు, తొమ్మిదిన్నర శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు సుమారు 32,700 రూపాయలు కట్టాలి. మొత్తం 27 లక్షలు దాటుతుంది. చిన్నమ్మాయి ఫీజు ఆ లెక్కలో ఎక్కడా లేదు. అబ్బాయి కాసేపు మౌనంగా ఉండి, "మీరు అలసిపోకుండా తిరగాలని అన్నాను నాన్నా, అప్పులో తిరగాలని కాదు" అన్నాడు. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోవాలన్న మాట మనకందరికీ తెలిసినదే.

మిగిలిన రెండింటిలో మేము చూసినవి మూడు. మొదటిది, ఎక్కడం. మా అత్తయ్యగారిని తీసుకెళ్ళి ఎక్కించి చూశాం. నొప్పితో ఉన్న మనిషి ఎక్కగలదా అన్నది ఆమెను బట్టే తెలుస్తుంది. ఏ బండి అయినా పక్కన మెట్టు బిగించక తప్పదని తేలింది. రెండవది, మరమ్మతు. మాకు దగ్గరలో ఎవరు దాని పని చేయగలరో, విడిభాగాలు ఎన్నాళ్ళకు వస్తాయో అడిగాం. ఈ ఒక్క విషయంలో మా ప్రాంతానికి స్కార్పియో-ఎన్ అనుకూలమనిపించింది. మీ ప్రాంతంలో వేరుగా ఉండవచ్చు, అడిగి తెలుసుకోండి. మూడవది, రోజువారీ ఖర్చు. లీటరుకు 10 కిలోమీటర్లు అనుకుని ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే 1,200 లీటర్లు. డీజిలుకే లక్ష రూపాయలు దాటుతుంది.

మరొక హెచ్చరిక. 2020 ఏప్రిల్ నుండి అమ్ముతున్న బి.ఎస్.6 డీజిల్ బండ్లలో పొగ గొట్టానికి మసిని పట్టే జల్లెడ ఉంటుంది. ఎప్పుడూ ఊర్లోనే రెండు మూడు కిలోమీటర్లు తిప్పుతూ ఉంటే అది మసితో నిండిపోతుంది. అప్పుడప్పుడు పెద్ద రోడ్డుమీద కొంతసేపు ఆగకుండా నడిపితే ఆ మసి కాలిపోతుంది. హెచ్చరిక దీపం వెలిగితే నిర్లక్ష్యం చేయవద్దు.

చివరకు రెండేళ్ళు వాడిన స్కార్పియో-ఎన్ నాలుగు చక్రాల బండి తీసుకున్నాం. నాలుగు లక్షలు మిగిలాయి. అవి చిన్నమ్మాయి పేరున బ్యాంకులో వేశాం. వాడిన బండి కొనేవారికి మా అనుభవంలో నాలుగు మాటలు. బండిని తారు రోడ్డుమీదే కాక బురదలో కూడా నడిపి, "లో" గేరు పడుతుందో లేదో చూడండి. ఇరుసులోని నూనె తీయించి చూడండి, తెల్లగా పాలలాగా ఉంటే లోపల నీరు చేరిందని అర్థం. ఆర్.సి.లో బ్యాంకు అప్పు ఉన్నట్లు ఉంటే అది తీరిన పత్రం చేతికి రానిదే డబ్బు ఇవ్వవద్దు. ఆర్.సి.తోపాటు బీమా కూడా మీ పేరుకు మార్పించుకోండి.

ఇంతా చేసి, మా ఊరివాళ్ళమూ పై ఊరివాళ్ళమూ కలిసి చేసుకున్న ఏర్పాటు బండి కంటే ముఖ్యమైనది. వానాకాలంలో నెలలు నిండబోయే అమ్మాయి ఎవరున్నా, పురుడుకు మూడు వారాల ముందే గెడ్డ ఇవతలికి రావాలి. బంధువులు లేనివారికి మా యింటి వెనుక గది ఉంది. ఆ రాత్రి బిడ్డను పోగొట్టుకున్న అమ్మాయి ఇప్పుడు మళ్ళీ గర్భవతి. పదిరోజుల క్రిందటే వచ్చింది. మేము ఈ మాటలు వ్రాస్తూ ఉండగా అత్తయ్యగారి పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బయట వాన పడుతోంది. బండి వాకిట్లోనే ఉంది.

మీరు కూడా బండి కొనబోతుంటే, ఏ బండి గొప్పది అని అడగక ముందు, మన దారిలో నిజంగా అడ్డం ఏమిటి అని ఒకసారి నడిచి చూసి రండి. మీ అనుభవాలు మాకు వ్రాయండి. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.